మానాల్సింది మాంసం కాదు, కులం

లెంటు వచ్చిందంటే చాలు, గుడిలో అయ్యగారి గొంతు మారుతుంది. నలభై రోజులు ఉపాసముండండి, నీసు మానండి, శరీరాన్ని నలగ్గొట్టుకోండి అంటాడు. ఎవరికి చెప్తాండావయ్యా? కర్నూలు పడమటి పల్లెల్లో, మాదిగ గేరిలో నిలబడి చెప్తాండావు. ఉంటే గదా మానేది! మా జేజికి ఉపాసమంటే భక్తి కాదు, కుండలో కొర్రలు అయిపోయిన రోజు.

శ్రమకాలం మాకు క్యాలెండర్‌లో వచ్చేది కాదు, కడుపులో వచ్చేది. కోసిగి, మంత్రాలయం, ఆలూరు దిక్కు పత్తి పనులు అయిపోతూనే జనం ఇండ్లకు తాళాలేసి, పిల్లోళ్లను బడి మాన్పించి, గుంటూరు చేన్లకు మిరపకాయలు తెంచేదానికి సుగ్గికి పోతారు. భస్మ బుధవారానికి గుడిలో మిగిలేది ముసలోళ్లు. మట్టల ఆదివారం నాడు మట్టలు పట్టాల్సిన చేతులు మిరప ఘాటుకు మండుతుంటాయి. మా యమ్మ సుగ్గిలో ఉన్నన్నాళ్లూ నిద్దట్లో కండ్లు నలుపుకుంటానేమోనని చేతులకు గుడ్డ చుట్టుకొని పండుకునేది. పొద్దుగుంకినాక గుడారాల ముందర అందరూ కూచ్చొని పాట పాడి, ప్రార్థన చేసి, ఉన్న సంగటి పంచుకునేవాళ్లు. అయ్యగారు లేడు, గంట లేదు. సంఘమంతా కలిసి నడిచే సిలువదారి అంటే నాకు తెలిసింది అదే.

మరి పెద్ద గుడులు? జమ్మలమడుగులో, నంద్యాలలో మిషన్లు పెట్టినప్పుడు పల్లెలకు పల్లెలుగా కలిసింది మాలమాదిగలే. నేను చదువుకున్న ఊళ్లో ఒక గుడి ఉంది. పరిశుద్ధ గురువారం పన్నెండు మంది కాళ్లు కడిగారు. ముందు రెడ్డి క్రైస్తవులవి, తర్వాత మావోళ్లవి. నీళ్లు ఒకటే, తువాలు వేరే! శిష్యుల కాళ్లు కడిగిన ఏసుకు రెండు తువాళ్లు ఉన్నాయా?

రెడ్లను అంటే సరిపోదు. మాలల గుడి, మాదిగల గుడి అని గోడ కట్టుకున్నది మనమే. ఆ గోడ కూడా కూలాల.

సర్కారుది ఇంకో మోసం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడు మాత్రం బయటే. మన రాష్ట్రంలో అతన్ని బీసీ 'సి'లో వేసి 1 శాతం చేతిలో పెట్టారు. 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసింది, పేరా కదల్లేదు. క్రైస్తవంలో కులం లేదంట! గుడిలో కులం ఉంది, సర్టిఫికెట్‌లో లేదు. అందుకే మా అన్నదమ్ములకు రెండేసి పేర్లు: బడిలో ఎల్లప్ప, గుడిలో ఏసయ్య. రెడ్డి ఏసును నమ్మితే రెడ్డిగానే ఉంటాడు. మాదిగ నమ్మితే హక్కు పోతుంది, అంటు పోదు.

2022లో నంద్యాల దగ్గరి పోలూరులో పుట్టిన పూల ఆంథోని కార్డినల్ అయినాడు, దళితుల్లో మొదటివాడు. సంతోషమే. ఒక తలకు ఎర్రటోపీ పెడితే ఊరూరా వేరుగా ఉన్న సమాధి దొడ్లు ఒకటవుతాయా?

యెషయా 58వ అధ్యాయం తీసి చదవండి. దేవుడు కోరిన ఉపాసం తల వంచుకొని బూడిదలో కూచునేది కాదు. కాడి విరిచేది, కట్లు విప్పేది, ఆకలైనోడికి అన్నం పంచేది. కడప, కర్నూలు సంఘాలారా, ఈ నలభై రోజులూ కూర తినండి, ఏం పాపం లేదు. కులం మానండి. ఒకే తువాలు పట్టండి, ఒకే దొడ్డిలో పూడ్చండి, మూడో పేరా కొట్టేసేదాకా మాతో రోడ్డు మీద నడవండి. అది చేతగాని సంఘానికి ఈస్టరు ఎక్కడిది?