ముందు కడాయి చూడండి, తర్వాత మా పోడు

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఆ మర్నాడే, ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం. క్యాలెండర్‌లో పక్కపక్కనే ఉన్న ఈ రెండు రోజులకు సంబంధం ఉందని మనోళ్లలో చాలామందికి తెల్వదు. మొదటి రోజు నాయకులు వచ్చి మనతో గుస్సాడి అడుగులు వేసి ఫొటోలు దిగుతరు. రెండో రోజు ఏ భూమిలో ఏ నూనె చెట్టు పెట్టాలో మాట్లాడుతరు. ఆ "ఏ భూమి" దగ్గరే మన కథ మొదలైతది.

నేను ఇది హైదరాబాద్ పాతబస్తీలో ఉండి రాస్తున్న. సాయంత్రం చార్మినార్ నుంచి శాలిబండ దాకా నడవండి. మిర్చీ, సమోసా, లుఖ్మీ, చికెన్ పకోడీ, అడుగడుగుకో కడాయి. రంజాన్ నెలలో అయితే చెప్పనక్కర్లేదు. ఆ కడాయిల్లో మాడిన నూనె కూడా బయోడీజిల్‌కు ముడిసరుకే. పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. నూనెలో మిథనాల్, కొంచెం కాస్టిక్ సోడా కలిపి వేడి చేస్తే గ్లిజరిన్ అడుగుకు దిగుతది, పైన డీజిల్‌లా మండే ద్రవం నిలుస్తది. మాడిన నూనెలో ఆమ్లం ఎక్కువ కాబట్టి ముందు దాన్ని తగ్గించాలి, లేకపోతే సగం సబ్బు అయిపోతది.

దీనికి రూల్స్ కూడా ఉన్నయ్. నూనెలో పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఇక వంటకు వాడొద్దని 2018 జులై 1 నుంచి నిబంధన. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవాళ్లు లెక్క రాయాలని, వాడిన నూనెను గుర్తింపు ఉన్న ఏజెన్సీకే ఇవ్వాలని 2019 మార్చి 1 నుంచి ఇంకో నిబంధన. 2019 ఆగస్టు 10న చమురు కంపెనీలు 100 నగరాల్లో వాడిన నూనెతో చేసిన బయోడీజిల్ కొంటామన్నయ్, మొదటి ఏడాది లీటరుకు 51 రూపాయలు.

బాగానే ఉంది. కానీ బండి మీద మిర్చీలు వేసే భాయ్ రోజుకు 50 లీటర్లు వాడతాడా? నాలుగైదు లీటర్లు వాడితే ఎక్కువ. ఆయన దగ్గర మిగిలే లీటరు నూనె కోసం ఏ కంపెనీ ట్రక్కు గల్లీలోకి వస్తది? పారబోస్తే నష్టం, అందుకే మర్నాడు అదే నూనెలో కొత్త నూనె కలుపుతడు. తినేది కూడా రిక్షా తొక్కేటోళ్లు, గాజుల పని చేసే అక్కలు. గల్లీకో డ్రమ్ము పెట్టి, అక్కడికక్కడే పైసలిచ్చి తీసుకుంటే రోగమూ తగ్గు, ఇంధనమూ వచ్చు. భూమి ఒక్క గుంట కూడా అక్కర్లేదు.

కానీ సర్కారు మొదట చూసింది కడాయి వైపు కాదు, అడవి వైపు. 2003లో ప్లానింగ్ కమిషన్ నివేదిక దేశంలో కోటీ 34 లక్షల హెక్టార్లలో జట్రోఫా, అంటే అడవి ఆముదం, పెట్టొచ్చని లెక్క తీసింది. అందులో 30 లక్షల హెక్టార్లు "పలచబడ్డ అడవులు". ఆఫీసు కాగితంలో పలచబడ్డ అడవి అంటే గూడెంలో ఏంది? పోడు చేను, పశువులు మేసే చోటు, ఇప్పపువ్వు ఏరుకునే చోటు. జట్రోఫాను మేక కూడా ముట్టదు. బంజరులో నీళ్లు లేకున్నా కాస్తదన్నరు, నీళ్లు లేని చోట కాయలేదు. 2009 విధానంలో 2017 కల్లా 20 శాతం కలుపుతమన్నరు. 2018 విధానంలో దాన్ని 2030 కల్లా 5 శాతానికి దించిన్రు. అసలు కలిసింది ఒక్క శాతానికి కూడా చేరలేదు.

మన దగ్గర వేరే దారి కూడా నడిచింది. జైనూర్ మండలం పవర్‌గూడలో గోండు మహిళల సంఘాలు కానుగ మొక్కలు పెంచినయ్, ఉట్నూరు ఐటీడీఏ సాయంతో నూనె మిల్లు నడిపినయ్. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తోడున్నరు. 2003 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సుకు విమానాలెక్కి వచ్చినోళ్ల పొగకు బదులుగా, ప్రపంచ బ్యాంకు పవర్‌గూడ నుంచి 147 టన్నుల కార్బన్ లెక్క కొన్నది. ఇచ్చింది 645 డాలర్లు, అప్పటి మన పైసల్లో 30 వేల లోపు. అప్పుడు పేపర్లన్నీ దీన్నే పొగిడినయ్. నాకైతే అందులో గొప్ప ఆ చెక్కు కాదు, మిల్లు. గింజ ఊళ్లోనే ఆడితే పిండి ఊళ్లోనే ఉంటది, చేనుకు ఎరువైతది. నెమ్మదిగా తిరిగే పాత డీజిల్ ఇంజన్‌కు వడపోసిన కానుగ నూనె నేరుగా పోసినా నడుస్తది. మిథనాల్ అక్కర్లేదు, పట్నం అక్కర్లేదు.

మరి ఎందుకు పాకలేదు? ధర చూడండి. 2006 జనవరి నుంచి చమురు కంపెనీలు బయోడీజిల్‌కు ఇస్తామన్నది లీటరుకు 25 రూపాయలు. లీటరు నూనెకు దాదాపు 4 కిలోల గింజ కావాలి. మిల్లు ఖర్చు, మిథనాల్, లారీ కిరాయి ఏదీ తీయకుండా మొత్తం గింజకే ఇచ్చినా కిలోకు 6 రూపాయల పైచిలుకు. పిండి అమ్మినా పెద్దగా పెరగదు. కాయ ఏరాలి, ఎండబెట్టాలి, కొట్టి గింజ తీయాలి. ఆ పనంతా ఆడోళ్లది, దానికి కూలి ఎవరూ లెక్కెయ్యలేదు. సబ్బుల వాళ్లు, పురుగు మందుల వాళ్లు ఇంకో రూపాయి ఎక్కువిస్తే గింజ అటే పోతది. తప్పేముంది?

అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(1)(సి) ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం మనది. కానుగ గింజ మద్దతు ధరల జాబితాలో కూడా ఉంది. కానీ సర్కారు కొనేది గింజ. నూనెగా కొనమనండి, మిల్లు సంఘం చేతిలో పెట్టమనండి. కొత్త తోటలంటూ ఎవరైనా వస్తే ముందు పాతబస్తీలో ఎన్ని కడాయిల నూనె సేకరించిన్రో లెక్క చూపమనండి.

కానుగ కాయ ఎండాకాలం ముంగిట పండుతది. అప్పటికి మీ గ్రామసభ తీర్మానాల పుస్తకంలో రెండు మాటలు రాయించండి: మా హద్దుల్లోని భూమిని బంజరు అని రాసే ముందు మమ్మల్ని అడగాలి, మా గింజ మా ఊళ్లోనే ఆడించాలి. రాయించినంక ఫొటో తీసి ఈ పేజీకి పంపండి.