కినోవా ఎవరి సొత్తు?

దక్షిణ అమెరికాలోని బొలీవియా, పెరూ దేశములలో, ఆండీస్ పర్వతములపై 12,000 అడుగుల యెత్తున కినోవా యను పైరు పండును. గింజలు ధాన్యమును బోలి యున్నను, ఇది గడ్డిజాతి మొక్క కాదు. తెలుగువారెఱిగిన చక్రవర్తికూరకు దగ్గరి చుట్టము. మంచునకును, బెట్టకును, ఉప్పునేలకును ఓర్చుకొనును. గింజపై నొక చేదుపొర యుండును. నీట రుద్దినచో సబ్బువలె నురుగు గట్టును! ఆ చేదువలన పక్షులు అంతగా దరిచేరవు. అచ్చటివారు గింజలను రుద్ది, పలుమారులు కడిగి, చేదును పోగొట్టి వండుకొందురు. ఈ నేర్పు ఒక్కనాడు వచ్చినది కాదు. వేల యేండ్ల సాధనచే అబ్బినది.

ఇట్టి పైరునకు 1994లో చిక్కు వచ్చినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇరువురు పరిశోధకులు పుప్పొడి పుట్టని కినోవా మొక్కలపైనను, వానితో చేయు సంకర విత్తనములపైనను పేటెంటు పొందిరి. పరిశోధకుల శ్రమ తక్కువది కాదు. అయినను ఆ మొక్కలు అపెలావా యను పాత రకమునకు చెందినవి. ఆ పేరు టిటికాకా సరస్సు చెంతనున్న యొక పల్లెది. ఏటేట మేలైన గింజలను ఏరి విత్తునకు దాచిన రైతులు లేనిచో పరిశోధకుల చేతికి ఆ మొక్క యెట్లు వచ్చును? చివరి మెట్టు ఎక్కినవానికే మేడ యంతయు వ్రాసియిచ్చుట న్యాయము కాదు. బొలీవియా రైతులు ఊరకుండక ఎదిరించిరి. 1998లో ఆ పేటెంటు వదలివేయబడెను.