కంఠ క్యాన్సరు: ఆయుర్దాయపు లెక్క ఎవరికి చెప్పాలి?

చికిత్స ముగిసి రోగిని ఇంటికి పంపేవేళ బంధువులు వైద్యుని ప్రక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంకెన్నాళ్లండీ?" జవాబు రోగి చెవిని పడకుండా ఇంటిల్లిపాదీ జాగ్రత్తపడతారు. ఈ ఆచారము ప్రేమ నుండి పుట్టినదేనని మేము ఎరుగుదుము. అయినా ఇది తగదని మా అభిప్రాయము.

అసలా లెక్క ఎట్టిదో ముందు తెలియాలి. గడ్డ ఎంత పెరిగినది, మెడలోని లింఫు గ్రంథులకు ప్రాకినదా, దూరపు అవయవములకు చేరినదా అన్న మూడు విషయములను బట్టి వైద్యులు వ్యాధి దశను నిర్ణయిస్తారు. పుట్టిన చోటు కూడా ముఖ్యమే. స్వరతంత్రులపై వచ్చిన పుండు గొంతును బొంగురు చేసి త్వరగా బయటపడుతుంది. అంతకు పైభాగమున పుట్టినది మెడలో గడ్డ కనిపించేదాకా తెలియకుండానే పెరుగవచ్చు. కనుక "గొంతు క్యాన్సరు" అన్న ఒక్క పేరుకు ఒక్క అంకె చెప్పడము అర్థము లేని పని.

2010లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూడండి. టాన్సిళ్లు, నాలుక మొదలు ప్రాంతములలో ముదిరిన క్యాన్సరుకు ఇంచుమించు ఒకే చికిత్స పొందినవారిలో, గడ్డలో హ్యూమన్ పాపిలోమా వైరస్ ఉన్నవారు మూడేళ్ల తరువాత నూటికి 82 మంది జీవించి ఉన్నారు. వైరస్ లేనివారిలో 57 మందే మిగిలారు. పొగత్రాగిన కాలము పెరిగినకొద్దీ మరణభయమూ పెరిగినది. మన దేశములో తల, మెడ క్యాన్సర్లకు ప్రధాన కారణము పొగాకే. కాబట్టి ఆ 82ను తెచ్చి మన చుట్ట, బీడీ త్రాగేవారికి అంటగట్టరాదు. ఆ మాటకు వస్తే, ఎదుట కూర్చున్న మనిషి 57 మందిలోని వాడో, తక్కిన 43 మందిలోని వాడో ఏ పట్టికా చెప్పజాలదు.

అట్లయితే రోగికి చెప్పడము దేనికి? ఎంపిక అతనిది గనుక. 1991లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు స్వరపేటిక క్యాన్సరు ముదిరిన 332 మందిపై జరిపిన పరిశోధనను ప్రకటించాయి. స్వరపేటికను తొలగించిన వర్గములోనూ, ముందు మందులు, పిదప రేడియేషను ఇచ్చిన వర్గములోనూ రెండేళ్లకు జీవించి ఉన్నవారు నూటికి 68 మందే. రెండవ వర్గములో నూటికి 64 మందికి స్వరపేటిక దక్కినది. అంతకు పూర్వము, 1981లో, ఆరోగ్యవంతులైన 37 మందిని ప్రశ్నించగా, ఆయుర్దాయము కొంత తగ్గినా గొంతును నిలుపుకొంటామని దాదాపు ఐదవ వంతు మంది అన్నారు. పాఠము చెప్పే ఉపాధ్యాయునికి, ఖవ్వాలీ పాడే గాయకునికి, వీధి వీధీ కేకవేసి పండ్లు అమ్మేవానికి గొంతు విలువ ఒక్కటి కాదు. ఆ విలువను బావమరిది ఎట్లా కట్టగలడు?

మరొక సంగతి. ఈ వ్యాధి తిరుగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరుగబెడుతుంది. పొగ మానని వానికి ఆ ప్రమాదము మరింత హెచ్చు. "ఏమీ లేదు, పుండు మానిపోయినది" అని నమ్మించిన మనిషి మళ్లీ బీడీ ముట్టిస్తాడు, పరీక్షకు పోడు. దాచినవారు కాపాడినది ఏమిటి?

ఉన్నపళంగా అంకె చెప్పి భయపెట్టమని మేము అనడము లేదు. ఎంతవరకు తెలిసికొనగోరుతున్నారో ముందు రోగినే అడగాలి. వద్దంటే ఆ మాటనూ మన్నించాలి. ఏడాదికొక పర్యాయము వైద్యుని పిలిపించి, విద్యార్థుల తల్లిదండ్రులు కూడా వినేటట్లు ఉర్దూలోను తెలుగులోను ఈ సంగతులు చెప్పించవలసినదిగా కళాశాల సంఘమువారిని కోరుతున్నాము. ఇంట్లో రోగి ఉన్నవారు ముందు వరుసలో కూర్చుంటారు.