సూరత్ వేలం – పాత పియానో కథ

న్యూఢిల్లీ: 2015 ఫిబ్రవరిలో సూరత్‌లో జరిగిన ఒక వేలం రాజధానిలో చాలాకాలం చర్చనీయాంశమయింది. అంతకు నెల లోపున, హైదరాబాద్ హౌస్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామాతో సమావేశమైనప్పుడు ప్రధాని నరేంద్ర మోదీ ధరించిన సూటు అక్కడ 4 కోట్ల 31 లక్షల రూపాయలకు అమ్ముడుపోయింది. ఆయన పేరే చారలుగా నేసిన ఆ సూటును ఒక వజ్రాల వ్యాపారి కొన్నారు. సొమ్ము గంగానది ప్రక్షాళనకు చేరింది. 'సూటుబూటు సర్కారు' అని రాహుల్ గాంధీ ఆ ఏప్రిల్‌లో లోక్‌సభలో ఎద్దేవా చేశారు. రాజకీయం అటుంచితే, ఆ వేలంలో గమనించదగిన అంశం మరొకటున్నది. బట్టకు అంత ధర రాలేదు. ఎవరు, ఏనాడు ధరించారన్న దానికి వచ్చింది. దానికి ప్రపంచమంతా చూసిన ఛాయాచిత్రాలే సాక్ష్యం.

ఛాయాచిత్రం లేని వస్తువు మాటేమిటి? పాత పియానోనే తీసుకుందాం. ఫలానా దొర వాయించినదట, ఫలానా సంస్థానంలో ఉండేదట అంటూ ధర పెంచడం పాతసామానుల వర్తకంలో మామూలే. 'అట' తగిలించిన మాట సాక్ష్యం కాజాలదు.

ఇందుకు సూరత్ చరిత్రే మంచి ఉదాహరణ. ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో 1615 సెప్టెంబరులో సూరత్ రేవున దిగాడు. 1616 జనవరిలో అజ్మీరులో జహంగీరు చక్రవర్తికి సమర్పించిన కానుకలలో వర్జినల్స్ అనే మీటల వాద్యం ఒకటి. వాయించడానికి ఒక విద్వాంసుడు కూడా వెంట వచ్చాడు. అయితే పియానోను ఇటలీలో క్రిస్టోఫొరీ రూపొందించినది 1700 ప్రాంతంలో. కనుక జహంగీరు కొలువునాటి పియానో అని ఎవరైనా చెబితే, వాద్యాన్ని చూడకుండానే తోసిపుచ్చవచ్చు. తేదీలు సరిచూడడం మొదటి పరీక్ష.

రెండవది తయారీదారు వేసిన సంఖ్య. పేరుపొందిన సంస్థలు ఏ సంఖ్య గల వాద్యం ఏ సంవత్సరానిదో, ఎవరికి పంపినదో పద్దులలో వ్రాసుకునేవి. లండన్‌లోని బ్రాడ్‌వుడ్ సంస్థ 1817లో తయారుచేసి బీథోవెన్‌కు బహూకరించిన పియానో వియన్నా చేరి, అనంతరం లిస్ట్ చేతికి వచ్చి, నేడు బుడాపెస్ట్‌లోని హంగేరీ జాతీయ మ్యూజియంలో ఉన్నది. దాని ప్రయాణం దాదాపు అడుగడుగునా తెలుస్తున్నది. సంఖ్య పుట్టుకను మాత్రమే చెబుతుంది. యజమానుల వరుసను బిల్లులు, వీలునామాలు, జాబితాలు చెప్పాలి. గొలుసులో ఒక కొక్కెం ఊడినా కథ అక్కడితో ఆగుతుంది.

ఇది కేవలం ధనికుల వినోదం కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976లో అమలులోకి వచ్చింది. సాధారణంగా నూరేళ్లు, వ్రాతప్రతులకైతే 75 ఏళ్లు దాటినవి దాని పరిధిలోకి వస్తాయి. వాటి ఎగుమతి ప్రభుత్వం చేతిలోనే ఉన్నది. కాని నిర్బంధ నమోదు కొన్ని తరగతులకే, ముఖ్యంగా శిల్పాలకు, చిత్రాలకు, చిత్రసహిత వ్రాతప్రతులకు పరిమితం. నమోదు కాని వస్తువుకు పూర్వచరిత్రను అమ్మేవాడే వ్రాస్తాడు.

దాని ఫలితం తెలుగువారు అనుభవించినదే. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం నుండి అపహరణకు గురైన ఆరాధకుల శిల్పాన్ని 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ న్యూయార్క్ వర్తకురాలి వద్ద కొన్నది. అది ఎన్నడో దేశం దాటినదని కాగితాలు చెప్పాయి. చందవరంలో ఉండగా తీసిన ఛాయాచిత్రం ఆ కాగితాలను అబద్ధం చేసింది. 2016లో శిల్పం భారతదేశానికి తిరిగివచ్చింది.

ఈ అనుభవం నుండి ప్రభుత్వం గ్రహించవలసిన పాఠం స్పష్టమే. ప్రతి క్షేత్రంలో, ప్రతి జిల్లా మ్యూజియంలో ఉన్న వస్తువుల ఛాయాచిత్రాలు తీయించి, ఆ పట్టికను ప్రజలందరికీ అందుబాటులో ఉంచాలి. అందుకయ్యే వ్యయం ఆ సూటు ధరతో పోల్చదగినదా అన్నది లెక్కలవారు తేల్చవచ్చు. ప్రధాని సూటుకు ఉన్నపాటి సాక్ష్యం చందవరం రాతికి కూడా ఉండాలని కోరడం అత్యాశ కాదు.