షెడ్డుకు సబ్సిడీ సరే, పోయిన పంటకు ఎవరు తోడు?



పోయిన కార్తీకంలో మా ఇంట్లో 200 గుడ్ల పంట పోయింది. నాలుగో జ్వరం దాటి ఐదో దశలో మూడో రోజు అది. పొద్దున మేత వేసి వచ్చినాము. మధ్యాహ్నం షెడ్డులోకి పోతే పురుగులు తలలు అటూ ఇటూ తిప్పుతా, పచ్చనీళ్లు కక్కుతా ఉండాయి. చీకటి పడేసరికి స్టాండ్ల మీద సగం పురుగు ముడుచుకొని పడిపోయింది. రోగం కాదు అది. పక్క చేలో మిరపకు రెండు రోజుల ముందు మందు కొట్టినారు, గాలి మా తోట వైపు తోలింది. ఆ పొద్దున మేము కోసింది గట్టు పక్క సాళ్ల కొమ్మలే.

మిరప రైతు మీద మాకు కోపం లేదు. విషయం తెలిసి ఆయనే షెడ్డుకు వచ్చి చూసినాడు. "ముందు ఒక్క మాట చెప్పింటే నాలుగు రోజులు ఆగేవాణ్ణి కదప్పా" అన్నాడు. నిజమే. ఎనిమిదేళ్లుగా గట్టుకు ఈ పక్క మేము, ఆ పక్క ఆయన. మా షెడ్డులో పురుగు ఎప్పుడు దించుతాము, ఎప్పుడు పండుతుంది అని ఒక్కసారి కూడా చెప్పలేదు మేము.

పురుగు మొత్తం తినే ఆకులో నూటికి 80 పాళ్లు ఐదో దశలోనే తింటుంది. అంటే పంట పోయేది కూలి, ఆకు, చాకీ డబ్బు అంతా పెట్టినాకే. షెడ్డు అప్పు కంతు మాత్రం నెల తిరిగేసరికి తలుపు తడుతుంది. మా ఊళ్లో ఈ రెండేళ్లలో ఇద్దరు షెడ్డుకు తాళం వేసినారు. ఒకాయన మల్బరీ పెరికి మిరప పెట్టినాడు. ఇంకొకాయన కొడుకుతో కలిసి తోరణగల్లు వైపు కాంట్రాక్టు పనికి పోతున్నాడు. ఇద్దరూ పనిమంతులే. ఇద్దరికీ సబ్సిడీ వచ్చింది, ట్రైనింగూ అయింది. మరి ఎందుకు నిలవలేదు?

ఇదే మాట మా ఇంట్లో చాలా రాత్రులు మాట్లాడుకున్నాము. మాకు తోచింది ఇది. చిన్న రైతు కొత్త పద్ధతికి భయపడేది తెలివి లేక కాదు. పెద్దోడు పది పంటల్లో రెండు పోగొట్టుకున్నా నిలుస్తాడు. మనకు ఒక్కటి పోతే ఆ ఏడాది పోయినట్టే. కాబట్టి పోయిన పంట తర్వాత మళ్లీ గుడ్లు తెచ్చుకునే దారి ఉంటేనే మనం కొత్తది చేస్తాము, చేసినదాంట్లో నిలుస్తాము. ఆ దారి లేనప్పుడు ఎంత మంచి టెక్నాలజీ అయినా గోడ మీద పోస్టరే.

మన పనిలో ఇంతవరకు నిలిచిన మార్పులు ఏవో ఒకసారి వెనక్కి చూద్దాము.

మొదటిది రోగం లేని గుడ్లు. 1865లో ఫ్రాన్సు దేశంలో పెబ్రిన్ రోగం వచ్చి పట్టు రైతుల ఇళ్లు గుల్లయినప్పుడు పాశ్చర్ అనే శాస్త్రవేత్తను ఆలేస్ అనే ఊరి పక్కకు పంపినారు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి మైక్రోస్కోపు కింద చూడడం, రోగపు కణం కనిపిస్తే దాని గుడ్లు పారేయడం, ఇదీ ఆయన చూపిన దారి. ఈ రోజుకీ మన గుడ్ల కేంద్రాల్లో తల్లి చిలుక పరీక్ష ఆ దారిలోనే నడుస్తోంది. ఆ మైక్రోస్కోపు మనలో ఎవరూ కొనలేదు. ఒకచోట పరీక్ష చేస్తే వేల ఇళ్లకు మేలు జరిగింది.

రెండోది చాకీ. మా నాన్న కాలంలో గుడ్లు ఇంటికే తెచ్చి, పురుగు పగిలినప్పటి నుంచి ఇంట్లోనే మేపేవాళ్లు. చిన్న పురుగుకు 26 నుంచి 28 డిగ్రీల వేడి, నూటికి 80 నుంచి 90 తేమ, లేత ఆకు కావాల. మన బళ్లారి ఎండలో, ఒకే గదిలో వంటా పురుగూ పెట్టుకొని ఇవన్నీ ఎట్లా కుదురుతాయి? ఎంత పురుగు ఎందుకు పోయిందో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు చాకీ కేంద్రం వాళ్లు రెండో జ్వరం దాకా మేపి ఇస్తున్నారు. కష్టమైన ముక్క ఒకచోట పెట్టి, మిగతాది ఇంటింటికీ పంచినారు. చిన్నోళ్లకు పనికొచ్చిన మార్పు అంటే మాకు ముందు గుర్తొచ్చేది ఇదే. మన ఖర్చు కంటే మన భయాన్ని ఎక్కువ తగ్గించింది ఇది.

మూడోది బైవోల్టిన్. మన ఎండలకు తెల్లగూడు పండదు అని ఒకప్పుడు పెద్ద పెద్దోళ్లే అన్నారు. 1991లో జపాన్ వాళ్ల జైకా సహకారంతో కేంద్ర పట్టు మండలి పని మొదలుపెట్టింది. మైసూరు పరిశోధన కేంద్రంలో సీఎస్ఆర్ రకాలు తయారైనాయి, వీ-1 మల్బరీ వచ్చింది. తర్వాత కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడులో రైతుల షెడ్లలోనే చేసి చూపినారు. ఆ పని 2007 దాకా నడిచింది. 16 ఏళ్లు! ఇప్పుడు ఏ పథకమైనా రెండేళ్లలో లెక్క చూపమంటారు. ఇంకో మాట. మేము క్రాస్ బ్రీడ్ వదిలి తెల్లగూటికి మారింది కరపత్రం చదివి కాదు. మా చిన్నమామ షెడ్డులో 100 గుడ్లకు 65 కేజీలు తూకం వేస్తుంటే పక్కన నిలబడి కళ్లతో చూసినాము. ఆ సాయంత్రమే ఇంట్లో నిర్ణయం అయిపోయింది.

నాలుగోది మార్కెట్టు. గూడు మన చేతిలో ఆగే సరుకు కాదు. గూడు కట్టడం మొదలైన ఏడో ఎనిమిదో రోజు విడిపించాల, ఇంకొన్ని రోజులు ఆగితే చిలుక గూడు చీల్చుకొని బయటికి వస్తుంది. మిరప అయితే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూడొచ్చు, మనం ఆ మాట అనలేము. అందుకే కొనేవాడి చేతికి చిక్కకుండా గూళ్లు సర్కారు మార్కెట్టులో వేలం పాడాలని 1959 చట్టంతోనే కట్టుబాటు పెట్టినారు. రాత్రంతా బండిలో కూర్చొని రామనగర పోయినా, శిడ్లఘట్ట పోయినా, హిందూపురం పోయినా అక్కడ నలుగురు రీలర్లు పోటీకి ఉంటారని ధైర్యం. ఎలక్ట్రానిక్ తూకం, ఇ-వేలం, ఖాతాలోకి డబ్బు వచ్చినాక ఆ ధైర్యం ఇంకా పెరిగింది. లాటు నచ్చిందని ఇంటి దగ్గరికే వచ్చి చిత్తు కాగితం మీద ధర రాసిపోయే దళారిని నమ్మి మోసపోయినోళ్లకు ఈ మాట బాగా తెలుసు.

ఈ నాలుగింటిలోనూ ఒకటే సంగతి కనిపిస్తుంది. ఒక్కొక్క ఇంటికి మోయలేని బరువును నలుగురూ కలిసో, సర్కారో మోసినారు. అందుకే నిలిచినాయి.

మన చేతిలో లేనివీ ఉండాయి. 2011 కేంద్ర బడ్జెట్టులో బయటి పట్టు మీద సుంకాన్ని నూటికి 30 నుంచి 5కు దించినారు. గూటి ధర ఎట్లా పడిందో ఆ రోజుల్లో మార్కెట్టులో నిలబడినోళ్లకు గుర్తుంటుంది. 2013లో మళ్లీ 15కు పెంచినారు. రెండేళ్లే కదా అంటారు ఢిల్లీలో. ఆ రెండేళ్లలో అప్పు చేసి షెడ్డు వేసినోడికి అది రెండేళ్లు కాదు, జీవితం. చిన్నోడికి ఎక్కువ ధర కంటే నిలకడ ధర ముఖ్యం. ఈ మాట మనం గట్టిగా అడగాల.

అడిగేది అడుగుతానే, మన చేతిలో ఉన్నది చేసుకోవాల కదా. పంట పోయినాక మేము 14 ఇళ్లోళ్లం కలిసి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాము.

మొదటిది, పురుగు దించే రోజు తెలియగానే చుట్టుపక్కల మిరప, పత్తి రైతులకు ఇంటికి పోయి చెప్పడం. ఫోను కాదు, ఇంటికే పోవాల. గట్టు పక్క రెండు సాళ్ల ఆకు పురుగుకు వేయము. అనుమానం ఉంటే ముందు పది పురుగులకు వేసి ఒక పూట చూస్తాము.

రెండోది, షెడ్డు కడగడం. బ్లీచింగ్, సున్నం ఒక్క ఇంట్లో చల్లి పక్కింట్లో వదిలేస్తే లాభం లేదు. పాల రోగం, సున్నపుకట్టు గోడలు చూసి ఆగవు. పంట దిగినాక అందరం దగ్గర దగ్గర రోజుల్లోనే కడుగుతాము, ఒకరి షెడ్డు ఇంకొకరు చూసి సరే అనాల.

మూడోది డబ్బు మాట. మార్కెట్టులో అమ్మిన ప్రతి కేజీకి 5 రూపాయలు ఒక ఖాతాలో వేస్తాము. 200 గుడ్లకు 130 కేజీలు అనుకుంటే పంటకు 650 రూపాయలు. ఏడాదికి ఐదు పంటలు, 14 ఇళ్లు, మొత్తం 45,500. ఎవరి పంట పోయినా తర్వాతి పంట చాకీకి, సున్నానికి, బ్లీచింగుకు అయ్యే ఖర్చు ఇందులోంచి ఇస్తాము. పోయిన పంట మొత్తానికి పరిహారం ఇచ్చే శక్తి మాకు లేదు. మళ్లీ గుడ్లు తెచ్చుకునే దారి మాత్రం మూసుకోదు. కొత్త మల్బరీ రకమో, కొత్త హైబ్రిడ్డో చూడాలంటే ఒక ఇల్లు చేస్తుంది, నష్టమొస్తే ఈ డబ్బే ఆదుకుంటుంది, లాభమొస్తే అందరం నేర్చుకుంటాము.

"పని దొంగలకు మన డబ్బు పెట్టాలా?" అని మాలోనే ఒకాయన అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. అందుకే షెడ్డు కడిగినట్టు ఇంకొకరు చూసి సరే అన్నోళ్లకే డబ్బు అని రాసుకున్నాము. ఒకే ఇంటికి ఏడాదిలో రెండుసార్లకు మించి ఇవ్వము. ధర రహస్యాలు, మందు రహస్యాలు బయటపెడితే మన లాభం తగ్గుతుంది అనేవాళ్లూ ఉండారు. మేము ఒప్పుకోము. పక్కింటి పంట పాడైతే రోగం మన ఇంటికొస్తుంది, ఊళ్లో షెడ్లు తగ్గితే చాకీ బండి మన దాకా రావడం మానేస్తుంది. ఈ పనిలో ఒంటరిగా బాగుపడినోడు మాకు కనపడలేదు.

ఒకటి మాత్రం దాచుకోకుండా చెప్పాల. ఏ మే నెల ఎండకో 14 ఇళ్ల పంట ఒకేసారి పోతే మా ఖాతా ఒక్క రోజు కూడా ఆగదు. అక్కడ సర్కారు కావాల. పంట పోయిన వారంలో చూసి, తర్వాతి చాకీ లోపల డబ్బు చేతికిచ్చే బీమా కావాల. ఏడాది తర్వాత వచ్చే బీమా డబ్బు మూసేసిన షెడ్డు తాళం తీయదు. షెడ్డుకు ఇచ్చే సబ్సిడీలో కొంత దీనికి మళ్లించినా మాకు సమ్మతమే.

మాఘంలో మళ్లీ 200 గుడ్లు దించినాము. చాకీ డబ్బు ఆ ఖాతాలోంచే వచ్చింది. తీసుకునేటప్పుడు కొంచెం సిగ్గనిపించింది, దాచేదేముంది. 128 కేజీలు దిగినాయి. మిరప రైతు గూళ్లు విడిపించే రోజు తన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చినాడు. ఎకరా మల్బరీ పెడితే నీళ్లు ఎన్ని కావాలని ఆ పాప అడిగింది.

మీ ఊళ్లో ఎంతమంది ఉండారో లెక్కేసుకోండి. ఐదు ఇళ్లయినా చాలు, మొదలుపెట్టొచ్చు. వచ్చే చాకీ దించకముందే గట్టు దాటి పోయి పక్క రైతుకు ఒక మాట చెప్పండి. దానికి ఖర్చేమీ లేదు. మేము చెప్పనందుకు మాకు 200 గుడ్లు ఖర్చయినాయి.