గీజరుకు చిలుము పట్టితే
ఇనుముకు తుప్పు, రాగికి చిలుము అన్నారు పెద్దలు. చాలా గీజరులలో నీళ్ళు కాచే ఎలిమెంటు రాగి గొట్టమే. లోపల వేడెక్కే తీగ, దానిచుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడి ఉంటాయి. చిలుము తినేసి గొట్టానికి చిల్లి పడిందా, తడి లోపలికి దిగుతుంది, కరెంటు నీళ్ళలోకి వస్తుంది. కనుక గీజరు వేయగానే మెయిన్ ట్రిప్పవుతూంటే విసుక్కోకండి. అది మీ ప్రాణం కాపాడుతున్నదన్నమాట!

వెంటనే మెకానిక్కును పిలిపించండి. మెయిన్ తీసి, ట్యాంకు ఖాళీచేశాకనే పని మొదలుపెట్టాలి. పాత ఎలిమెంటు ఎన్ని వాట్లదో కొత్తదీ అంతే ఉండాలి. రబ్బరు వాషరు కొత్తది వేయించండి. ట్యాంకు తుప్పుపట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. వేడినీళ్ళ కుళాయి ధారకట్టిన తరువాతనే స్విచ్చి వేయాలి.

ఎర్తు సరిగా లేని ఇంట్లోనా? పొయ్యిమీది కాగే నయం సుమా!