ఎడమ పెట్టె మూగబోతే

పోయిన సంక్రాంతికి మేము పోచంపల్లి వెళ్ళినాము. అక్కడ మా పెద్దనాయనగారి యింట ఒక స్టీరియో ఆంప్లిఫయరు, టేపు డెక్కు, రెండు స్పీకరు పెట్టెలు ఉన్నాయి. 1983లో బెంగళూరులో కొని బస్సు మీద వేసికొని తెచ్చినవి. వాటితోపాటు ఒక కేసెట్టు. 1984లో మా అత్త పెండ్లి పనులప్పుడు అవ్వ పసుపు దంచే పాటలు పాడుతుంటే పట్టినది. అవ్వ 1991లో పోయినారు. ఆమె గొంతు మరెక్కడా లేదు.

ఆ కేసెట్టు చెరిగిపోయిందని రెండేండ్లుగా యింట్లో అందరూ అనుకొంటున్నారు. "పారేసేకి మనసొప్పక పెట్టుకోనుండానప్పా" అన్నారు పెద్దనాయన. మేమూ వేసి చూచినాము. సన్నని 'సూ' తప్ప యేమీ లేదు. కాని పక్కన నిలుచున్న ఆయన మనుమరాలు, "తాతా, ఆ ముల్లు ఆడతా ఉందే!" అన్నది. నిజమే. డెక్కు మీది రెండు ముళ్ళలో ఎడమది లేచి పడుతున్నది. అంటే టేపులో గొంతు ఉన్నది. మన చెవిదాకా రావటం లేదు, అంతే.

సంగతి యేమంటే, ఆనాడు ఉన్నది ఒకే మైకు. దాన్ని ఎడమ సాకెట్టులో పెట్టినందువల్ల అవ్వ పాటంతా ఎడమ ట్రాకులోనే పడింది. ఆంప్లిఫయరులో ఎడమ చానెలు ఎప్పుడో మూగబోయింది. సినిమా పాటలు కుడి పెట్టెలో వినబడుతూనే ఉంటే ఒకవైపు పోయిందని ఎవరికి తోస్తుంది? యింట్లో చిన్న మోనో టేపురికార్డరు ఉన్నా అవ్వ పాట వినబడేది. ఫిలిప్స్ వారు 1963లో వెలువరించిన ఈ రకం కేసెట్టులో ఎడమ కుడి ట్రాకులు పక్కపక్కనే ఉంటాయి. మోనో యంత్రం రెంటినీ కలిపి చదువుతుంది.

ఇలాంటప్పుడు ముందుగా మూత విప్పబోవటం చాలామందికి అలవాటు. అక్కరలేదు. స్టీరియో అంటే ఒకే పెట్టెలో అచ్చంగా ఒకే రకమైన రెండు యంత్రాలు. బాగున్నది పాడైనదాన్ని గురించి సాక్ష్యం చెబుతుంది. ఎడమ కుడులు మార్చి చూస్తే చాలు. ఒకసారికి ఒకటే మార్చవలెను, ప్రతిసారీ కరెంటు ఆపవలెను.

బాలెన్సు మీట మధ్యలోనే ఉన్నది. (పిల్లలున్న యింట్లో మొదట చూడవలసింది అదే.) స్పీకరు తీగెలు మార్చి సినిమా పాటలు వేసినాము. ఇందాక మూగగా ఉన్న ఎడమ పెట్టె పాడింది, కుడిది ఆగింది. కాబట్టి పెట్టెలు మంచివే. తీగెలు యథాస్థానంలో పెట్టి, డెక్కు నుంచి వచ్చే పిన్నులను తారుమారు చేసి, అవ్వ కేసెట్టు వేసినాము. కుడి పెట్టెలోంచి రోకటి చప్పుడు, దాని వెనుకనే పాట! గడప మీద కూర్చున్న పెద్దనాయన లేచి వచ్చి, "మా అమ్మదే" అన్నారు. మరి మాట్లాడలేదు.

టేపు, డెక్కు రెండూ మంచివని తేలింది. ఇక మిగిలింది ఆంప్లిఫయరు ఎడమ భాగం. పిన్నులు సరిచేసి వాల్యూము మీట మెల్లగా తిప్పినాము. మీటలో దుమ్ము, చిలుము ఉంటే గరగరమంటుంది. కాంటాక్టు క్లీనరు చల్లి ఇరవై ముప్పై సార్లు తిప్పితే తరచు బాగుపడుతుంది. ఇక్కడ గరగర లేదు. శబ్దం బాగా పెంచినప్పుడు మాత్రం ఎడమ పెట్టె ఠప్పున మేలుకొన్నది. తగ్గించిన కాసేపటికి మళ్ళీ ఆగింది.

ఇది రిలే లక్షణం. స్విచ్చి వేసిన కొద్ది సెకండ్లకు లోపల టిక్కుమనేది అదే. యంత్రం స్థిమితపడేదాకా స్పీకర్లను తగలనీయని కావలివాడు. ఏండ్లు గడిచేకొద్దీ దాని మొనలకు నల్లని పొర పడుతుంది. బలమైన సంకేతం పొరను చీల్చుకొని పోతుంది, సన్నని సంకేతం పోలేదు.

మూత విప్పటం మాత్రం చేతనైనవారి పని. ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. వాల్వుల యంత్రమయితే అది మూడు నాలుగు వందల వోల్టులు, ప్రాణం తీయగలదు. అంతకు ముందు చూచిన ఒకాయన కెపాసిటర్లన్నీ మార్చాలనీ, లేదా పారేయమనీ చెప్పి పోయినాడట. మేము తెలిసిన మెకానిక్కును కృష్ణగిరి నుంచి పిలిపించినాము. ఆయన రిలేకు ముందు మీటరు పెట్టి రెండువైపులా డి.సి. చూచినారు. కుడివైపు 15 మిల్లీవోల్టులు, ఎడమవైపు 20. అక్కడ వోల్టులకు వోల్టులే కనబడితే ట్రాన్సిస్టర్లను అనుమానించవలెను. అప్పుడు రిలేను తప్పించి తీగె నేరుగా కలిపితే స్పీకరు కాయిలు మాడిపోతుంది. తెలిసీ తెలియని చేతులు చేసే పని అదే. గరుకు కాగితంతో మొనలు రుద్దుదామన్నాడు మా తమ్ముడు. పూత పోతే ఆరు నెలలకు మళ్ళీ ఇదే కథ అని మెకానిక్కు ఒప్పుకోలేదు. దానికి సరిపోయే 24 వోల్టుల రిలే బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరికింది.

ఆదివారం అందరూ సంత నుంచి తిరిగి వచ్చినాక కేసెట్టు వేసినాము. రెండవ పాట నడుమ అవ్వ, "పాలు పొంగుతుండాయి, చూడండే!" అని కేకవేసింది. మా వదిన ఉలిక్కిపడి వంటింట్లోకి పరుగెత్తింది.

మరునాడు పాటలను కంప్యూటరులోకి ఎక్కించినాము. రెండు పెట్టెలలోనూ వినబడేట్టు చేయవచ్చునంటే పెద్దనాయన వద్దన్నారు. ఆయన కుర్చీ ఇప్పుడు ఎడమ పెట్టె పక్కన ఉన్నది.